తువ్వాలు కింద బేరం

సిలార్ టీ గ్లాసు కడిగి బోర్లించాడు. భార్య మౌలాబీ చనిపోయాక ఆ ఇంట్లో ఎవరి గ్లాసు వాళ్లే కడుక్కుంటున్నారు. ముందు గదిలో కూతురు సఫూరా కంప్యూటర్ ముందు కూర్చుంది. పక్కన కొడుకు సలీం. వాడు బెంగళూరు నుంచి వినుకొండ వచ్చి రెండు రోజులైనా తండ్రి వాడితో మాట్లాడలేదు.

నెట్ సెంటర్ల రోజుల్లో అన్నాచెల్లెళ్లు ఈ గదిలోనే 'కోటకొండ' అనే ఆన్‌లైన్ ఆట తయారుచేశారు. ఎక్కడెక్కడివాళ్లో అందులో తలో వేషం వేసుకుని, కత్తులూ ఎడ్లూ సంపాదించి సంతలో అమ్ముకునేవారు. బేరం తువ్వాలు కింద, వేళ్లతో. ధర కొనేవాడికీ అమ్మేవాడికీ మాత్రమే తెలిసేది. పశువుల దళారీ సిలార్ ఇంట్లో పుట్టిన ఆటకు అదే ప్రాణం.

చెల్లెలు వద్దన్నా సలీం ఆ ఆటనూ, దాన్ని నడిపే తమ చిన్న స్టూడియోనూ ఒక కంపెనీకి అమ్మి, అందులోనే ఉద్యోగంలో చేరాడు. కంపెనీ తువ్వాలు తీసేసి ధరలన్నీ బోర్డు మీద పెట్టింది. బేరం లేకపోయేసరికి జనానికి మాటలూ లేకపోయాయి. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. అప్పట్లో పుట్టిన అలాంటి స్టూడియోలు చాలా అలాగే పోయాయి. కొన్నవాళ్లే చంపారు. చివరికి కంపెనీ ఆట ఆపేసింది. సఫూరా అడిగితే, పనికిరాని సరుకే కదా అని తిరిగి ఇచ్చేసింది.

ఈ ఉదయం ఆమె, దొరికిన ఒకరిద్దరు పాత ఆటగాళ్లకు కబురు పెట్టి, దాన్ని మళ్లీ తెరిచింది. తువ్వాలుతో సహా.

"ఎవరొస్తారే? అప్పటి పిల్లలకి ఇప్పుడు పిల్లలు" అన్నాడు సలీం.

"మధ్యాహ్నం దాకా చూస్తా. ఎవరూ రాకపోతే మూసేసి, నువ్వు చెప్పిన ఉద్యోగానికి నీ వెనకే వస్తా. మాటిచ్చాగా."

"నేను అమ్మకపోతే సర్వర్ అద్దె కట్టలేక ఆట అప్పుడే పోయేది!"

"పోతే నా చేతుల్లో పోయేది. నువ్వు తెలియనోళ్ల చేతుల్లో పెట్టి చంపించావు."

సలీం గుమ్మంలో నిలబడ్డ తండ్రివైపు చూశాడు. సిలార్ తల తిప్పుకున్నాడు.

తెర మీద సంత ఖాళీగా ఉంది. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. సలీం బస్సు టికెట్ల కోసం ఫోన్ తీశాడు.

అప్పుడు తెర మీది సంతలోకి ఒక మనిషి నడిచొచ్చాడు. పక్కన అక్షరాలు పడ్డాయి.

"నేను, పిడుగురాళ్ల బుడేని. సున్నం బట్టీలో షిఫ్టు దిగొచ్చా. తువ్వాలుందా?"

సఫూరా గబగబా టైపు చేసింది. "ఉంది బుడే అన్నా."

"అయితే ఆగమ్మాయ్. మనోళ్లందరికీ చెప్తా."

అరగంటలో సంత కిక్కిరిసింది. ఎడ్లు దిగాయి. బేరాలు మొదలయ్యాయి. "ఒరేయ్, ముసలోడివైపోయావేంట్రా!" "నీ కత్తికి తుప్పు పట్టిందిరోయ్!" అంటూ తెరంతా తిట్లూ నవ్వులూ. సఫూరా కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది.

సలీం కళ్లు తుడుచుకున్నాడు. "తప్పు చేశానే. నేనూ లోపలికి రావచ్చా?"

"రా. కానీ నీ పాత వేషం లేదు, కంపెనీ ఖాతాకి మార్చుకున్నావుగా, దాంతోనే పోయింది. కొత్తోళ్లు ఊరి పొలిమేర నుంచి ఒట్టి చేతుల్తో నడిచి రావాలి."

సలీం ఫోన్‌లో పేరు కొట్టాడు. పొలిమేరలో ఒంటరిగా ఒక బక్కమనిషి లేచి నిలబడ్డాడు.

సిలార్ కుర్చీ లాక్కుని కొడుకు పక్కన కూర్చున్నాడు.

"చూస్తావేంట్రా? నడువు."