పైకప్పు మీది మొహం

అందరూ లేచారు. ఒక్కాయన లేవలేదు.

మ్యూజియంలో పెద్ద హాలు అది. గోడ నిండా ఒకటే బొమ్మ, ఎప్పటిదో యుద్ధం. ఎదురుగా పొడవాటి చెక్కబెంచీ. గైడ్ పసుపుపచ్చ గొడుగు పైకెత్తి, "పదండి, ఇక్కడే కూర్చుంటే మిమ్మల్ని కూడా బొమ్మలో కలిపేస్తారు" అన్నాడు. రోజూ అనే మాటే. టూరిస్టులు మోకాళ్లు పట్టుకుని లేచారు. ఆ ఒక్కాయన మాత్రం బొమ్మకేసి చూస్తూ ఉండిపోయాడు. మెడలో టూరు వాళ్లిచ్చిన రిసీవర్, చెవిలో ఇయర్‌పీస్. బొమ్మని అంత శ్రద్ధగా చూసేవాళ్లు దొరకరు కాబట్టి గైడ్ ముందు సంతోషించాడు. తర్వాత దగ్గరికి వెళ్లి భుజం తట్టాడు.

ఆయన పక్కకి ఒరిగిపోయాడు.

డాక్టర్లు గుండెపోటు అన్నారు.

*

"గుండెపోటు కాదు," అన్నాడు బాస్.

బ్రీఫింగ్ గది కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. బయట బోర్డు మీద నీటిపంపుల కంపెనీ అని ఉంటుంది. లోపల నిజంగానే ఒక పంపు ఉంది. అది పనిచేయదు.

ఎదురుగా ఏజెంట్ కూర్చుని ఉన్నాడు. చనిపోయినాయన అతనికి సొంత బావ. ఈ ఉద్యోగంలోకి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినవాడు.

"నిన్ను పంపకూడదనే అనుకున్నాను," అన్నాడు బాస్.

"మరి?"

"మిగతా అందరి మొహాలూ అవతలివాళ్లకి తెలిసిపోయాయి. నీ మొహం ఎవరికీ గుర్తుండదు. తప్పుగా అనుకోకు."

"అనుకోను సార్. నా క్వాలిఫికేషన్ అదే కదా."

బాస్ మిషన్ చెప్పాడు. ఆ ఊళ్లో పరాయి దేశపు ముఠా ఒకటి పనిచేస్తోంది. వాళ్ల గుప్పిట్లో ఒక కెమిస్ట్ ఉన్నాడు. మనిషిని చంపి, గుండెపోటులా కనిపించే విషం చేసిపెట్టాడు. ఇప్పుడు చేసినదానికి తానే భయపడి ఇటు వచ్చేస్తానంటున్నాడు. వారానికోసారి, అదీ గుంపులో అయితేనే, అతన్ని బయటికి వదులుతారు. అందుకే టూరు. బావ వెళ్లింది అతన్ని తీసుకురావడానికే. ఆ వారం కెమిస్ట్‌ని గడప దాటనివ్వలేదు. బావ మాత్రం తిరిగి రాలేదు.

"వచ్చే గురువారం కెమిస్ట్ వస్తాడు. పెద్ద బొమ్మ ముందు గైడ్‌ని ఒక ప్రశ్న అడుగుతాడు. 'ఇందులో కుక్క ఎక్కడుంది?' అదీ కోడ్."

"కుక్క ఉందా?"

"లేదు. అందుకే ఇంకెవరూ అడగరు."

"బ్యాకప్?"

"ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఒకావిడ ఉంది. ఎర్ర స్కార్ఫ్. ఈ ఊరి గడియారం సరిగా నడుస్తోందా అని అడుగుతుంది. నువ్వు 'నాకంటే నయం' అను. కెమిస్ట్‌ని పక్క తలుపు దాకా నడిపించేది ఆవిడే. అక్కడ మన కారు ఉంటుంది. నువ్వు చూస్తూ ఉండు, చాలు."

"ఆవిడని నమ్మొచ్చా సార్?"

"డబుల్ ఏజెంట్‌ని సగం నమ్మాలి. ఏ సగం అన్నది వెళ్లినవాడే తేల్చుకోవాలి."

ఏజెంట్ లేచి నిలబడ్డాడు గానీ కదల్లేదు. "మా అక్కకి చెప్పొచ్చా? గుండెపోటు కాదని."

"ఆధారం ఉందా?"

"లేదు."

"ఆధారం లేనిదాన్ని అనుమానం అంటారు. అది ఆఫీసు సొత్తు. ఇంటికి పట్టుకెళ్లకూడదు."

అక్క ఇంట్లో వంటగది అలమరలో బీపీ మాత్రల స్ట్రిప్ ఒకటి ఉంది. బావ పంపులు అమ్మడానికని చెప్పి క్యాంపుకి వెళ్లే ప్రతిసారీ పెట్టె సర్దేది అక్కే. ఈసారి చొక్కాలు పెట్టింది, తువ్వాలు పెట్టింది, మాత్రలు మర్చిపోయింది. కబురు తెలిసిన రోజు నుంచి ఆ స్ట్రిప్‌ని అక్కణ్నించి తీయదు, ఎవర్నీ తీయనివ్వదు. "నా చేతులతో నేనే పంపించేశానురా," అని ఒక్కసారి అంది. రెండోసారి అనలేదు. అనకపోవడమే ఏజెంట్‌కి ఎక్కువ కష్టంగా ఉంది.

విషం చేసినవాడు ప్రాణాలతో బయటపడి నిజం చెప్తే తప్ప ఆ స్ట్రిప్ అక్కణ్నించి కదలదు.

*

వారమంతా ఏజెంట్ అదే టూరుకి వెళ్లాడు. ఒకరోజు మీసంతో, ఒకరోజు గడ్డంతో, ఒకరోజు మెడకి పట్టీతో. చౌరస్తాలో రాతిగుర్రం, పాత వంతెన, నగిషీల తలుపులున్న వీధి, చివరికి మ్యూజియం. గైడ్ చెప్పే జోకులన్నీ కంఠతా వచ్చేశాయి. నవ్వాల్సిన చోట నవ్వడం మొదటిరోజు తేలికే. తర్వాత అదొక డ్యూటీ.

అన్నిటికంటే గైడ్ గర్వంగా చూపించేది గుమ్మటం కింద గది. పైకప్పంతా రంగుల మొహాలు, గుంపులు గుంపులుగా. "వీటిలో ఒకటి బొమ్మ వేసినాయన సొంత మొహం. ఏ పుస్తకంలోనూ లేదు. మా నాన్న కనిపెట్టి నాకొక్కడికే చూపించాడు," అని ఊరించి ఊరించి, చివరికి గొడుగుతో ఒక మూలకి చూపిస్తాడు. నిచ్చెన పట్టుకున్న కూలివాడి చంక కింద, మబ్బు చాటున, చిన్న మొహం. నాలుక బయటపెట్టి.

గురువారం వచ్చింది.

రాతిగుర్రం కింద గైడ్ రిసీవర్లు పంచుతున్నాడు. ఏజెంట్ కళ్లజోడు డిపార్ట్‌మెంట్ వర్క్‌షాపులో చేసింది. తల తిప్పకుండానే వెనకున్నవాళ్లు కనిపిస్తారు. కాకపోతే కాళ్లకింది మెట్లు కనిపించవు.

అతను ఒక్కొక్కర్నీ చూశాడు. కొత్తగా పెళ్లయిన కుర్రాడు భార్యని తప్ప అన్నిటినీ ఫొటో తీస్తున్నాడు. అనుమానించాల్సిందే. మడతకుర్చీ మోసుకొచ్చిన ముసలావిడ నడుస్తూనే ఊలు అల్లుతోంది. సూదులు మరీ పొడుగ్గా ఉన్నాయి, అల్లుతున్నదేమిటో మాత్రం తేలడం లేదు. ఇంకా అనుమానించాల్సిందే.

"ఏంటి నాయనా, అలా చూస్తున్నావ్? కుర్చీ కావాలా?" అంది ముసలావిడ.

"అబ్బే, లేదండి."

"అడిగినా ఇవ్వనులే."

అప్పుడు వచ్చింది ఎర్ర స్కార్ఫ్. పొడుగు మనిషి, నల్లకళ్లద్దాలు, మనిషి కంటే ముందు వచ్చే సెంటు. కొత్త పెళ్లికొడుకు రాతిగుర్రం సంగతి మర్చిపోయాడు. ఆమె తిన్నగా ఏజెంట్ పక్కకి వచ్చి నిలబడింది.

"ఈ ఊరి గడియారం సరిగా నడుస్తోందా?"

"నాకంటే నయం."

ఆమె గొంతు తగ్గించింది. "మీ తరఫున వచ్చినాయన సంగతి విన్నాను. ఆ రోజు నేను పక్కనుంటే బతికేవారేమో. మావాళ్లు నన్ను కదలనివ్వలేదు. ఈ టూరుకి రావడం నాకిదే మొదలు. దారి మీరే చూపించాలి."

"నాకూ కొత్తేనండి," అన్నాడు ఏజెంట్, అలవాటుకొద్దీ.

పెద్ద హాల్లో అందరూ బెంచీ మీద కూర్చున్నారు. ఏజెంట్ కూర్చోలేదు. గైడ్ యుద్ధం గురించి చెప్తుండగా, మూలనున్న బూడిదరంగు టోపీ మనిషి చెయ్యెత్తాడు. వేళ్ల మీద రసాయనాల మరకలు.

"ఇందులో కుక్క ఎక్కడుందండీ?"

గైడ్ తడబడ్డాడు. ఇన్నేళ్లలో ఈ ప్రశ్న రాలేదు. "కుక్కా? గుర్రాలు బోలెడున్నాయి సార్. కుక్క లేదు."

"ఉండాలే," అన్నాడు కెమిస్ట్.

"హమ్మయ్య, లేదా?" అంది ముసలావిడ. "నా కళ్లకే ఆనడం లేదనుకున్నాను."

ఎర్ర స్కార్ఫ్ ఏజెంట్ వైపు చూసి రవ్వంత తల ఊపింది. అంతా ప్లాన్ ప్రకారమే నడుస్తోంది. అలా నడిచేవంటే ఏజెంట్‌కి పడదు.

గుమ్మటం కింద గదిలోకి వచ్చారు. "అందరూ కళ్లు మూసుకోండి," అన్నాడు గైడ్. మూసుకున్నారు. "ఇప్పుడు తెరవండి! బొమ్మ వేసినాయన ఈ గుంపులో ఎక్కడో దాక్కున్నాడు. పట్టుకోండి చూద్దాం!"

తలలన్నీ పైకి లేచాయి. తలోవైపు తిరిగాయి. పెళ్లికూతురు రాజుగారే అంది, పెళ్లికొడుకు కాదన్నాడు, అక్కడే చిన్న తగువు మొదలైంది. ఆ మూలకి చూడకుండా ఉండటానికి ఏజెంట్ తంటాలు పడుతున్నాడు. వారం రోజులుగా చూసిన కళ్లు, వద్దన్నా అటే పోతాయి. నేల చూపులు చూశాడు. కళ్లజోడు అంచులో, తన వెనక, ఎర్ర స్కార్ఫ్ కనిపించింది.

ఆమె వెతకడం లేదు. నల్లకళ్లద్దాలు తీసి, తిన్నగా నిచ్చెన మనిషి చంక కిందికి చూస్తోంది. పాత స్నేహితుణ్ని చూసినట్టు చిన్నగా నవ్వింది కూడా.

గైడ్ గొడుగు ఇంకా లేవలేదు.

ఏ పుస్తకంలోనూ లేని మొహం. ఈ గైడ్ నోట విన్నవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. అంటే ఆమె ఈ టూరుకి ముందే వచ్చింది. మొదటిసారి అని అబద్ధం ఎందుకు? తనదంటే కవర్. ఆమె దాచాల్సిన రోజు ఒక్కటే, బావ పోయిన రోజు.

గైడ్ చెప్పింది విని అందరూ "అబ్బా" అనేలోపు, ఆమె జనంలోంచి జరిగి కెమిస్ట్ పక్కకి చేరింది. రాతి విగ్రహాల వరండాలోకి గుంపు మళ్లింది. ఆ చివర పక్క తలుపు. తలుపు అవతల కారు. కెమిస్ట్ అక్కడిదాకా నడిచి వెళ్తాడని ఏజెంట్‌కి ఇప్పుడు నమ్మకం లేదు.

"మీది గరగరలాడుతున్నట్టుందే," అని ఆమె కెమిస్ట్‌తో అనడం వినిపించింది. "నాది పెట్టుకోండి. బాగా వినిపిస్తుంది."

కెమిస్ట్ తన ఇయర్‌పీస్ తీసేశాడు. మర్యాద తెలిసిన మనిషి, తలవంచి చెవి ఇచ్చాడు. ఆమె రెండు వేళ్లతో నల్లటి ఇయర్‌పీస్ పట్టుకుని అతని చెవి దగ్గరికి తెచ్చింది. బావ చెవిలో ఉన్నదీ అలాంటిదే.

పరుగెత్తినా అందే దూరం కాదు. మధ్యలో గుంపు. ఏజెంట్ గొంతు చించుకుని అరిచాడు.

"కుక్క దొరికిందండోయ్!"

వరండా అదిరింది. అందరితోపాటు కెమిస్ట్ కూడా గిరుక్కున తిరిగాడు. ఇయర్‌పీస్ అతని టోపీ అంచుకి గుచ్చుకుంది. ఆమె మళ్లీ చెయ్యెత్తేలోపు ఏజెంట్ ఇద్దర్ని నెట్టుకుని వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఇయర్‌పీస్ కింద పడింది. ఆమె చెయ్యి విదిలించుకుని, హ్యాండ్‌బ్యాగ్ తెరుస్తూ తలుపువైపు పరుగెత్తింది. అప్పుడే కాళ్లు చాచుకుని కూర్చున్న ముసలావిడ మడతకుర్చీకి తగులుకుని బోర్లా పడింది. బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ జారి విగ్రహం పాదాల దగ్గర ఆగింది.

"కళ్లు నెత్తికెక్కాయా తల్లీ?" అంది ముసలావిడ, కుర్చీ కాలు తడుముకుంటూ. "విరిగుంటే నువ్వే కొనిపెట్టాలి."

కారు దగ్గరున్నవాళ్లు లోపలికొచ్చారు. ఎర్ర స్కార్ఫ్ లేచి బట్టలు దులుపుకుంది. మొహంలో కంగారు లేదు.

"ఎక్కడ దొరికాను?"

"పైకప్పు దగ్గర. గైడ్ ఇంకా చూపించలేదు."

ఆమె నిట్టూర్చింది. "కిందటిసారి చూసినప్పుడే అది నాకు చాలా నచ్చింది," అంది.

ఏజెంట్ వంగి, కింద పడిన ఇయర్‌పీస్‌ని జాగ్రత్తగా రుమాల్లోకి తీసుకున్నాడు.

*

కారులో కెమిస్ట్ రుమాలు పరిచి ఇయర్‌పీస్ విప్పాడు. లోపల వెంట్రుకంత ముల్లు. చూసి మూసేశాడు.

"నేను చేసిందే," అన్నాడు.

"మా బావకి బీపీ ఉండేది," అన్నాడు ఏజెంట్. కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. "ఆ రోజు మాత్ర వేసుకోలేదు. వేసుకుని ఉంటే?"

కెమిస్ట్ రుమాలు మడిచాడు.

"దీని ముందు మాత్రలు పనిచేయవు బాబూ. వస్తాదైనా అంతే. చేసినవాణ్ని, నాకు తెలుసు."

"ఆ మాట మా బాస్ ముందు చెప్తారా?"

"ఎవరి ముందైనా చెప్తాను. అందుకే కదా వచ్చింది."

బాస్ విన్నాడు. విని, పనిచేయని పంపు మీద చెయ్యి వేసి కొంచెంసేపు నిలబడ్డాడు. "మీ అక్కకి ఒక్క ముక్క చెప్పుకో. ఒక్కటే. ముఠా, విషం, మన ఆఫీసు, ఇవేవీ అందులో రాకూడదు."

*

అక్క బావ చొక్కాలు మడతపెడుతోంది. ఏజెంట్ ఎదురుగా కూర్చున్నాడు.

"పెద్ద డాక్టర్ని కలిశానక్కా. బావ కేసు పూర్తిగా చూశాడు. మాత్ర వేసుకున్నా ఆగేది కాదట. నువ్వు పెట్టినా, పెట్టకపోయినా ఒకటేనట."

"నన్ను ఊరుకోబెట్టడానికి చెప్తున్నావు."

"నీ మీద ఒట్టు."

ఉద్యోగంలో అతను అబద్ధపు ఒట్లు ఎన్నో వేశాడు, గొంతు తొణక్కుండా. ఇది నిజం కావడంతో సరిగా రాలేదు. అక్క అతని మొహం చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి వంటగదిలోకి వెళ్లింది. చెత్తబుట్ట మూత చప్పుడైంది. కొళాయి నీళ్లు చాలాసేపు పారాయి.

మొహం తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. చొక్కా చేతిలోకి తీసుకుని, మడతపెట్టకుండా ఆగింది. ఇన్నాళ్లూ తనని తాను తిట్టుకోవడానికే సరిపోయింది. ఇంకో సంగతి ఆలోచించే తీరిక ఇప్పుడే దొరికినట్టుంది.

"అది సరేగానీ, పంపులు అమ్మడానికి వెళ్లిన మనిషి పట్టపగలు మ్యూజియంలో ఏం చేస్తున్నాడు?"

"ఖాళీ దొరికిందేమో అక్కా."

"నేను రమ్మంటే వీధి చివర పార్కుకే రాడు. కాళ్లు లాగుతున్నాయనేవాడు. అలాంటిది ఊరంతా నడిచి బొమ్మలు చూశాడా?"

ఏజెంట్ గోడకున్న క్యాలెండర్‌కేసి చూశాడు.

"పక్కన ఎవరున్నారు?"

"ఎవరో ముసలావిడ ఉందట. ఊలు అల్లుకుంటూ."

"నా కళ్లలోకి చూసి చెప్పు."

శత్రువుల గదుల్లో, లైట్ల కింద, ఏజెంట్ ఏనాడూ నోరు విప్పలేదు. ఇక్కడ కూడా విప్పలేదు. అక్క గొంతులోకి పాత కోపం తిరిగొచ్చినందుకు లోపల్లోపల సంతోషిస్తూ, బావ తినాల్సిన తిట్లన్నీ తినడానికి బుద్ధిగా తల వంచుకు కూర్చున్నాడు.