ఎనిమిదో అడ్మిషన్

“ఏవండీ, జాషువా గారంటే మీరేనా? మా కాలేజీలో చేరాల్సిన పిల్లలు ముగ్గుర్ని చెడగొట్టింది మీరేనా?”

జూలై వానలో నిలువునా తడిసి, కాలేజీ బ్రోచర్లు చంకలో పెట్టుకుని, గొడుగు విదిలిస్తూ అడిగిందామె. అమలాపురం బస్టాండు వెనక, జిరాక్సు షాపు మేడమీద ఉన్న ఆ ఒంటిగది ఆఫీసుకి వారం తర్వాత వచ్చిన మొదటి మనిషి. సంతోషించబోయిన జాషువా మొహం మాడిపోయింది.

“చెడగొట్టలేదండి. మీ కాలేజీలో ల్యాబు లేదన్నానంతే. ఉందాండీ?”

“లేదనుకోండి. అయితే మాత్రం చెప్పెయ్యడమేనా? ఇల్లు నా జీతం మీదే నడుస్తోందండి!”

ఆమె పేరు ఏంజెల్. ఊరి బయట ప్రైవేటు ఇంజినీరింగు కాలేజీలో లెక్చరరు. ఇంటర్ పరీక్షలైతే చాలు, పాఠాలు చెప్పేవాళ్ళు కాస్తా బ్రోచర్లు పట్టుకుని ఐ.పోలవరమనీ, మురమళ్ళనీ గడప గడపా ఎక్కాలి. మనిషికి ఎనిమిది అడ్మిషన్లు. ఒక్కటి తగ్గినా ఉద్యోగం ఊడినట్టే.

జాషువా సంగతి మరీ బాగుంది లెండి. ఏ కాలేజీ దగ్గరా కమీషన్ పుచ్చుకోకుండా, పిల్లల ర్యాంకుకి ఏది మంచిదో అదే చెబుతానని మూడేళ్ళ క్రితం కన్సల్టెన్సీ బోర్డు పెట్టాడు. యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అన్నారా? తల్లిదండ్రులు గంటసేపు శ్రద్ధగా విని, “ఆయ్, అలాగేనండి” అని, తిన్నగా వెళ్ళి ల్యాప్‌టాప్ ఇస్తామన్న కాలేజీలో చేర్పించేవారు. ఈ సీజన్‌తో బోర్డు దింపేద్దామని నిర్ణయించుకున్నాడు పాపం.

ఆ రోజు నుంచి ఏంజెల్‌కి ఓ అలవాటు పట్టుకుంది. ఊళ్ళు తిరిగొచ్చి, బస్సెక్కే ముందు మేడెక్కి అతన్ని నాలుగు తిట్టి పోవడం.

“ఇవాళ ఎవరి మనసు విరిచేరండీ?”

“ఎవరూ రాలేదండి. మీరొక్కరే.”

“అయ్యో!” అని నవ్వాపుకుంటూ కళ్ళెత్తి చూసేది. ఆ ఒక్క చూపు కోసం సాయంత్రం దాకా గుమ్మం వంకే చూస్తూ కూర్చునేవాడు జాషువా.

కౌన్సెలింగులో కాలేజీల ఆప్షన్లు పెట్టుకోడానికి ఆఖరి రోజున ఏంజెల్ తన చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చింది.

“మా జాయ్ అండి. నాకు ఏడుగురయ్యేరు, ఎనిమిదోది ఇదే. మా కాలేజీ పేరే ముందు పెట్టెయ్యండి.”

ముందు పెట్టిన కాలేజీలో సీటుంటే అదే ఇచ్చేస్తారు, ఇక కిందవాటి జోలికి పోరు. జాయ్ ర్యాంకు చూశాడు జాషువా. కాకినాడలో గవర్నమెంటు సీటు ఖాయం. “అక్క ఎలాగంటే అలాగేనండి” అంది ఆ పిల్ల తలొంచుకుని.

జాషువా కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. పెడితే ఈ పిల్ల నాలుగేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరు. పెట్టకపోతే ఏంజెల్ ఉద్యోగం పోతుంది, ఇక జన్మలో ఈ మెట్లెక్కదు. దేవుడా, ఇదేం పరీక్ష అనుకున్నాడు.

“నావల్ల కాదండి. కావాలంటే మీరే కొట్టుకోండి” అని కీబోర్డు ఆమె ముందుకి తోశాడు.

ఏంజెల్ చెల్లెలి వంక చూసింది. తర్వాత కాకినాడ కాలేజీ కోడ్ మొదటి ఆప్షన్‌గా కొట్టింది. దాని కింద ఇంకో ఆరు కొట్టింది. తన కాలేజీ ఎక్కడా లేదు. ఇక మార్చడానికి వీల్లేకుండా ఫ్రీజ్ నొక్కి, మొహం చేతుల్లో దాచుకుని భోరుమంది.

“అయిపోయిందండి. రేపట్నుంచి నాకు పని లేదు.”

“నాకూ లేదండి, బోర్డు దింపేస్తున్నాను” అన్నాడు జాషువా. “మీరంటే ఇష్టమని చెప్పే మొహం కూడా లేదు నాకు. కానీ చెప్పకపోతే అబద్ధమాడినట్టవుతుందండి.”

ఏంజెల్ తలెత్తింది.

“అబ్బాయి ఏం చేస్తాడని మా నాన్నగారడిగితే ఏం చెప్పమంటారు?”

“ఏమీ చెయ్యడని చెప్పండి.”

“అలా చెబితే ఎవరైనా పిల్లనిస్తారాండీ?”

“ఇవ్వరండి.”

ఏంజెల్ కళ్ళు తుడుచుకుంది. నవ్వలేదు.

“ఆదివారం ఆరాధన అయ్యేక మా ఇంటికి రండి. నాన్నగారితో ఆ మాట చెప్పడం నావల్ల కాదు, మీరే చెప్పండి.”