గోగునార గోదాములో సిగ్నలు

నెల్లిమర్ల దాటాక, రోడ్డుకి ఎడమ పక్క దిబ్బ మీద పాత గోగునార గోదాము ఒకటుంది. అటు మేకలు కూడా పోవంటారు. ఎప్పుడో నార బేళ్లు మీద కూలి, వాటిని మోసే కళాసీ ఒకడు అక్కడే పోయాడట. గుమ్మంలో నేలకి సమంగా, బేళ్లు తూచే కాటా బల్ల పరిచి ఉంటుంది — లోపలికెళ్లాలన్నా, బయటికి రావాలన్నా దాని మీద కాలు పెట్టాల్సిందే. దీపాలవేళ దాటితే ఆ కాటా తనంతట తనే తూగుతుందని చెప్పుకుంటారు.

శైలజ నమ్మేది కాదు. మొన్నటి తుఫానుదాకా.

తుఫానుకి పోయిన కరెంటు ఆ రోజు మధ్యాహ్నమే వచ్చింది. ఊళ్లో ఫోను టవరు మాత్రం లేవలేదు. శైలజ కూతురు దేవికి విశాఖపట్నం కంపెనీ ఒకటి ఉద్యోగానికి పరీక్ష పెట్టింది: వెబ్‌సైటు తయారుచేసి, రాత్రి ఎనిమిదిలోగా వాళ్లిచ్చిన సబ్‌డొమైన్‌లో పెట్టాలి. పెద్దింట్లో ఒక వాటా ఇచ్చినట్టు, తమ సైటులోనే పిల్లకొక చోటిచ్చారన్నమాట. ఎనిమిది దాటితే ఆ వాటాకి తాళం. మూడేళ్ల తిరుగుడులో ఇంతదాకా వచ్చింది ఇదొక్కటే.

ఊరు మొత్తమ్మీద పక్కూరి టవరు సిగ్నలు అందేది ఆ గోదాములో, ఎత్తునున్న గాలికన్నం దగ్గర. బయట నిలబడదామంటే వాన.

"ఎల్లొద్దు," అన్నాడు మొగుడు జగన్నాధం. "ఉద్దోగం లేకపోతే గంజి తాగి బతుకుదుం."

"నువ్వు తాగు. దానికెందుకా గంజి?" అంది శైలజ.

తల్లీకూతుళ్లు బల్ల దాటుతుంటే, లోపలి గోడ మీది డయల్లో ముల్లు నూట పది కిలోలకి ఎగిరి, కిర్రుమంటూ సున్నాకి పడింది.

"ఇంకా పనిసేస్తన్నాదే!" దేవి నవ్వింది. "అందులో సగం పైన నీదేనమ్మా."

శైలజ ఒక చెక్కపెట్టె ఎక్కి ఫోను కన్నానికి ఆనించి పట్టుకుంది. ఎదురుగా డయలు. వీపు వెనక గుమ్మం. దేవి కూడా గుమ్మానికి వీపు పెట్టి కింద కూర్చుని, ఆ ఫోను నెట్టుతోనే లాప్‌టాప్‌లోంచి ఫైళ్లు ఎక్కించడం మొదలెట్టింది.

"సెయ్యి కదపకమ్మా. తెగిపోతే మళ్లీ మొదటికొస్తాది."

ఏడున్నరకి అన్నీ ఎక్కాయి. దేవి పేజీ తెరిచింది — తెల్లగా, ఖాళీగా...

"అయ్యో! ఫోల్డర్లో ఉన్నవి ఎక్కించాల్సింది, ఫోల్డరు ఫోల్డరంతా ఎక్కించీసినాను. వాటాలో సామాను సర్దకుండా పెట్టెలోనే ఉంచీసినట్టు. అక్కడ జరపనివ్వరు. మళ్లీ ఎక్కించాల."

మళ్లీ మొదలు. శైలజ భుజం లాగేస్తోంది.

అప్పుడు... ముల్లు కదిలింది.

పది. ముప్పై. యాభై ఎనిమిది.

ఆగింది.

అడుగుల చప్పుడు లేదు. వాన చప్పుడొక్కటే. గాలికి అంత తూగదు. మేక అంతుండదు. అది మనిషి బరువు — వెనక, గుమ్మంలో, కదలకుండా.

వెనక్కి తిరిగితే చెయ్యి కదులుతుంది. చెబితే పిల్ల లేచి పరిగెడుతుంది. పరిగెట్టినా... ఎటు? ఉన్నది ఆ గుమ్మం ఒక్కటే.

"ఎంతయ్యిందే?" ముల్లు మీంచి చూపు తిప్పకుండా అడిగింది.

"సగం."

మెడ మీద చల్లగా ఏదో సోకింది. వాన జల్లే అనుకుంది. అనుకోవాలనుకుంది.

"ఇప్పుడో?"

"ఎనభై. ఏటమ్మా, వొణుకుతన్నావు? సెయ్యి... సెయ్యి!"

శైలజ రెండో చేత్తో మొదటి చేతిని పట్టుకుంది. కళ్లు మూసుకుందామనుకుంది. మూతపడలేదు. చూస్తుండగానే ముల్లు ఒక్క ఊపున నూట ఇరవైకి పోయింది.

రెండోవాళ్లెవరు?

దేవుడి పేరు కూడా నోటికి రాలేదు.

"వొచ్చీసిందమ్మా! తెరుసుకున్నాది!"

ఎనిమిదికింకా నాలుగు నిమిషాలున్నాయి. శైలజ చెయ్యి రాయిలా కిందికి పడింది. ఆ వెంటనే వెనక నించి గుసగుస —

"అయిపోనాదేటే?"

జగన్నాధం! గొడుగుతో, బల్ల మీద, తడిసి ముద్దై.

"ఓరి నీ జిమ్మడ!" శైలజకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ఇంతసేపూ నువ్వేటి? నా పేనం తీసీసినావు!"

"మనసొప్పక వొచ్చినాను. పలికితే మీకెక్కడ అడ్డమొస్తానో అని ఊరుకున్నాను." బల్ల దిగి లోపలికొచ్చాడు. "ఇంతసేపేటి? వొచ్చి రెండు నిమసాలు కాలేదు. ఆ బల్ల మీద ఎంత సల్లగున్నాదో!"

శైలజ నవ్వు ఆగిపోయింది. మెల్లగా డయలు వైపు చూసింది.

ముల్లు నూట ఇరవై నించి దిగుతోంది. వంద... ఎనభై... యాభై ఎనిమిది.

అక్కడే ఆగింది.

"పదండి, ఎల్దాం," అంటూ దేవి లాప్‌టాప్ మూసింది. ఉన్న వెలుగు కాస్తా పోయింది.

బయటికి దారి ఆ బల్ల మీంచే.