వెనక తలుపు దగ్గర ఏడుపు

ఆ ఆసుపత్రి వెనక తలుపుకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అవతల పసిబిడ్డ ఏడుస్తుందట. తలుపు తీసినవాళ్ళు మళ్ళీ మామూలు మనుషులు కాలేదట...

ఆసుపత్రంటే ఎంత... రెండు గదులు, ఓ వరండా. ఏడాదికోసారి పరాయి దేశం నుంచి చర్చివాళ్ళొచ్చి, వారం పాటు ఉచితంగా వైద్యం చేసి పోతారు. మిగతా రోజులన్నీ తాళమే.

ఈసారి వచ్చినవాళ్ళలో నర్సమ్మ ఒకతె. ఉద్యోగానికి సెలవు పెట్టి, మొదటిసారి విమానమెక్కి వచ్చింది. "ఆ దెయ్యానికీ చీటీ రాసిద్దాం, లైన్లో నిలబడమనండి" అని పళ్ళ డాక్టరు ఆటపట్టిస్తే పగలబడి నవ్వింది.

వంటామె నవ్వలేదు. ఏటా వచ్చేవాళ్ళకి వండిపెడుతూ వాళ్ళ మాట నేర్చుకున్న మనిషి. "ఏడుపు వినబడితే మాత్రం తియ్యకమ్మా..." అంది, గొంతు తగ్గించి.

రోజంతా నిలువుకాళ్ళ మీద పని. పడుకుంటే ఒళ్ళు తెలిసేది కాదు. కానీ చివరి రాత్రి, మందుల పెట్టెలు కట్టేశాక, నర్సమ్మకి కునుకు పట్టలేదు.

అప్పుడు వినబడింది.

సన్నగా... ఆగి ఆగి... ఊపిరందని బిడ్డ ఏడుపు.

నర్సమ్మ ముసుగు తన్నింది. ఏడుపు ఆగలేదు. దెయ్యమైతే సరే — నిజంగా బిడ్డయితే?

ఇక పడుకోలేకపోయింది. టార్చి పట్టుకుని వెళ్ళి, "ప్రభువా..." అనుకుంటూ గడియ తీసింది.

మెట్టు మీద ఓ ఆడమనిషి. గుండెకి హత్తుకున్న మూట. వెలుగు పడగానే ఏడుపు టక్కున ఆగింది. మూట ముందుకు చాపింది.

నర్సమ్మ టార్చి చంకలో ఇరికించుకుని అందుకుంది. బరువే లేదు... మడత విప్పింది. గుడ్డ. లోపల ఇంకో గుడ్డ.

అంతే.

టార్చి జారి మెట్ల మీద దొర్లింది.

"అరవకమ్మా —" వెనక నుంచి వంటామె గొంతు. "దెయ్యం కాదు. నా కూతురు."

పోయినేడు పసిదానికి ఊపిరాడకపోతే, డాక్టర్లొచ్చారని విని అత్తవారి ఊరి నుంచి ఎత్తుకుని పరుగున వచ్చిందట. అప్పటికే వాళ్ళు వెళ్ళిపోయారు. తాళం వేసిన తలుపు బాదుతూనే ఉంది... బిడ్డ చేతుల్లోనే చల్లబడింది.

"అప్పట్నుంచీ చీకటి పడితే ఇక్కడికొచ్చి, దానిలాగే ఏడుస్తుందమ్మా. పిచ్చిదని రాళ్ళేస్తారని... దెయ్యం మాట నేనే పుట్టించాను."

నర్సమ్మ మెట్టు మీద చతికిలబడింది. ఆ గుడ్డల్ని ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డని పట్టుకున్నట్టే పట్టుకుని, మెల్లగా జోకొట్టింది.

తల్లి పక్కకి జరిగి కూర్చుంది. నర్సమ్మ ముఖంలోకి చూస్తూ తన భాషలో ఏదో అడిగింది... ఒకే ఒక్క మాట.

వంటామె వంగి, మెట్ల మీది టార్చి తీసి ఆర్పింది.

"రేపు కూడా ఉంటారా... అంటోందమ్మా."