టైలరమ్మ కుదిర్చిన స్నేహం

పొద్దున్నే మిషను ముందు కూర్చుని టైలరమ్మ చొక్కాకి కాజాలు కుడుతోంది. చేతులు ఇక్కడున్నా చెవులు వంటింట్లోనే ఉన్నాయి. అక్కడ కూతురు చిట్టి కూనిరాగం తీస్తూ టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది. తొమ్మిదో తరగతి మధ్యలో కొత్త బడికి మారి నాలుగు నెలలైతే, ఆ పిల్ల నోట పాట వినబడుతున్నది ఈ పది రోజుల నుంచే.

"అమ్మా, ఇంకాస్త ఎక్కువ పెట్టుకుంటున్నా. వాళ్ళిద్దరికీ కూడా!"

"పెట్టుకోవే తల్లీ, అడగాలా!" అంది టైలరమ్మ. అంది కానీ, గుండెలో రాయి పడ్డట్టయింది.

చిట్టి బడిలో ఒంటరిగా తింటోందని తెలిసిన రోజు ఆమెకి ముద్ద దిగలేదు. "బడి మానేస్తానమ్మా" అని పిల్ల రెండుసార్లు అంది కూడా. సరిగ్గా అప్పుడే చిట్టి తరగతిలోని ఇద్దరమ్మాయిలు, ఒక జడల పిల్ల, ఒక కళ్ళజోడు పిల్ల, బడి వార్షికోత్సవానికి గౌన్లు కుట్టించుకోవాలని గుడ్డ పట్టుకొచ్చారు. కొలతలు తీస్తూ టైలరమ్మ గొంతు తగ్గించి బేరం పెట్టింది. మధ్యాహ్నం పూట మా పిల్ల పక్కన కూర్చోండి, మీ గౌన్లు ఊరికే కుట్టిపెడతాను అంది. తెల్లారి లేస్తే టేపూ కత్తెరా పట్టుకునే మనిషికి అంతకన్నా ఏం తోస్తుంది, పాపం!

చిట్టి డబ్బా నిండా సర్దుకెళ్ళిన ఆ రోజు సాయంత్రమే జడల పిల్ల గుమ్మంలోకి వచ్చింది.

"ఆంటీ, మా గౌన్లు ఎప్పుడిస్తారు? పది రోజులూ చిట్టి పక్కనే కూర్చున్నాం. ఒక్కరోజు కూడా మానలేదు!"

చిట్టి అప్పుడే బడి నుంచి వచ్చి తన వెనకే నిలబడి ఉందని ఆ పిల్ల చూసుకోలేదు. చూశాక నాలుక కరుచుకుని పరుగెత్తింది.

"నా పక్కన కూర్చున్నందుకు వాళ్ళకి గౌన్లా?" అంది చిట్టి.

"నీకోసమే కదే..."

"నాకోసమా? ఒక్కదాన్నే ఉన్నప్పుడు కనీసం పరువుండేది. ఇప్పుడు అదీ పోయింది!"

టైలరమ్మకి ఉక్రోషం వచ్చింది. "పొద్దస్తమానం బడి కుళాయి దగ్గర చీమల్ని చూస్తూ కూర్చుంటే నీ దగ్గరికి ఎవరొస్తారే?"

"ఎవరూ రారనే కదా నీ నమ్మకం! రేపట్నించి బడికి వెళ్ళను."

తలుపు ధడాలున మూసుకుంది. అన్నంత పనీ చేసింది, రెండు రోజులు బడి మొహం చూడలేదు. డ్యూటీ దిగి వచ్చిన బస్సు డ్రైవరు, అంటే చిట్టి నాన్న, సంగతంతా విని ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఆ చీమల్లో ఏం చూస్తుందో ఎప్పుడైనా అడిగావా?"

అడగలేదు. పిల్ల చీమల పిచ్చి నలుగురికీ చెప్పుకోకూడని సంగతి అన్నట్టు టైలరమ్మ దాచుకుంటూ వచ్చింది. వెళ్ళి కూతురి పక్కన కింద కూర్చుంది. చాలాసేపు బతిమాలాక చిట్టి ఒక నోటుపుస్తకం తీసి ముందుకి తోసింది. పేజీల నిండా చీమల దారులు. ఏ బీటలోంచి వచ్చాయి, ఏ గోడెక్కాయి, వాన పడితే ఎటు తిరిగాయి, అన్నీ సన్నటి గీతలతో, టైములతో సహా గీసి ఉన్నాయి. చేతిపని తెలిసిన మనిషి కాబట్టి టైలరమ్మకి ఆ ఓపిక విలువ వెంటనే తెలిసింది. సిగ్గుతో తల దించుకుంది.

"తప్పు నాదేనే. ఇది మీ సైన్సు టీచరుకి చూపించనా? నువ్వు సరేనంటేనే. వద్దంటే ఆ ఊసే ఎత్తను."

చిట్టి పుస్తకం మూసి అమ్మ చేతిలో పెట్టింది. "చూపించు. ఆవిడకి కూడా గౌను కుడతానని మాత్రం అనకు!"

ఇద్దరూ కళ్ళనీళ్ళతోనే నవ్వేశారు.

టీచరమ్మ పుస్తకం చూసి నోటీసు బోర్డు మీద రెండు ముక్కలు రాయించింది. చీమల దారులు గీయాలని ఉన్నవాళ్ళు మధ్యాహ్నం కుళాయి దగ్గరికి రండి, అంతే. స్నేహం మాట అందులో లేదు. చిట్టి మర్నాడు బడికి వెళ్ళింది. టైలరమ్మ జడల పిల్ల గౌను పూర్తి చేసి ఇచ్చేసింది. ఆ పిల్ల మళ్ళీ చిట్టి పక్కన కూర్చోలేదు. వారం రోజులు టైలరమ్మ ఏమీ అడక్కుండా నోరు కట్టేసుకుంది, అది ఆవిడకి మామూలు కష్టం కాదు.

వారం తర్వాత సాయంత్రం చిట్టి వెంట కళ్ళజోడు పిల్ల వచ్చింది. ఇద్దరి మోకాళ్ళకీ మట్టే.

"ఆంటీ, నా గుడ్డ వెనక్కిచ్చెయ్యండి."

"అదేంటమ్మా! కత్తిరించేశాను కూడా!"

"ముక్కలే ఇచ్చెయ్యండి, వేరే చోట కుట్టించుకుంటా. మీరు కుడితే నేను గౌను కోసం వస్తున్నానని ఇది అనుకుంటుంది. నేను మొన్న కుళాయి దగ్గరికి చీమల కోసం వచ్చా. ఇప్పుడు దీనికోసం వస్తున్నా."

చిట్టి గోడకేసి చూస్తూ పెదవులు బిగబట్టింది, అయినా నవ్వు ఆగలేదు.

ఇరవై ఏళ్ళ పనిలో టైలరమ్మ దగ్గర్నుంచి గుడ్డ వెనక్కి తీసుకెళ్ళినవాళ్ళు లేరు. అలాంటిది జరిగి ఉంటే నెల్లాళ్ళు కుమిలిపోయేది. ఇవాళ తనే ఆ ముక్కలన్నీ మడతపెట్టి, కాగితంలో చుట్టి, ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"ముందు కాళ్ళు కడుక్కుని లోపలికి నడవండి!" అని కసిరింది. వాళ్ళు వెళ్ళాక చేతికందిన పేలికతో కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి ఏదో చీమ ఎటు వెళ్ళిందన్న విషయం మీద ఇద్దరూ ఇల్లెగిరిపోయేలా పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. టైలరమ్మ మిషను ఆపేసి, ఆ గోల వింటూ హాయిగా కూర్చుంది.