పగలని రంగు బంతి

“మీరిచ్చిన గన్ వంకరండీ. బ్యారెల్ ఇంత పొట్టిగా ఉంటే బాల్ తిన్నగా ఎలా పోతుంది?”

“ముక్కు పొడుగైతే వాసన బాగా తెలుస్తుందా?”

పెయింట్‌బాల్ మైదానంలో వాళ్లిద్దరి మొదటి మాటలు అవే. మైదానం నాన్నది. గన్‌లు తుడిచి, రంగు బంతులు నింపి ఇచ్చే పని ఆయన కూతురు పిచ్చుకది. గలగలా వాగుతుందని నాన్న పెట్టిన పేరది. గన్ వంకరన్న అతనిది వీధి చివర కళ్లజోళ్ల షాపు. అందరి చూపూ సరిచేస్తాడు కానీ, ఎదురుగా ఉన్న డ్రమ్ముకు గురి కుదరదు.

మరుసటి ఆదివారం మూరెడు బ్యారెల్ కొనుక్కొచ్చి బిగించాడు. బంతి వెళ్లి నాన్న టోపీకి తగిలింది.

“అన్ని గన్‌లకూ నాన్న ఒకే స్పీడు పెడతారండీ. పొడుగు బ్యారెల్ తగిలిస్తే దూరం పోయేది బాల్ కాదు, మీ పరువు!”

పిచ్చుక పడీ పడీ నవ్వింది. మాస్కు తీసి అతనూ నవ్వాడు. గడ్డం మీద పచ్చరంగుతో ఎంత బాగున్నాడో ఆమె ఎవరికీ చెప్పలేదు.

తుంపర పడుతున్న ఒక సాయంత్రం అతను గొంతు తగ్గించాడు. “మనిద్దరం ఒక ఆట ఆడదాం. నేను గెలిస్తే మీ నాన్నగారితో మన సంగతి మాట్లాడతాను. ఓడితే ఇక ఆ మాట ఎత్తను.”

“మన సంగతా? అదెప్పుడు పుట్టింది?”

“మీరు నవ్వినప్పుడు.”

పిచ్చుక ఆటకు ఒప్పుకుంది, కానీ అతనే గెలవాలి.

ఇప్పుడెలా? తన గురి తప్పదని నాన్నకు తెలుసు. కావాలని తప్పితే ఇట్టే పట్టేస్తారు. గబగబా షెడ్డులోకి వెళ్లి, మూలనున్న డబ్బా తెరిచింది. తేమకు మెత్తబడ్డాయని నాన్న పారెయ్యమన్న పాత బంతులు! అవి తగిలినా పగలవు. పగలకపోతే అవుట్ కాదు.

నాన్నే అంపైర్. విజిల్ మోగింది. పిచ్చుక కొట్టిన బంతి అతని ఛాతీకి తగిలి, రబ్బరులా ఎగిరి పడింది. చొక్కా మీద చుక్క రంగు లేదు.

అయినా అతను చెయ్యెత్తేశాడు. “తగిలింది. నేను అవుట్.”

“అయ్యో, పగల్లేదు కదా! చెయ్యి దించండి!”

“తగిలింది తగిలిందేగా?”

“తగిలితే అవుటని ఎవరు చెప్పారు? రంగు అంటాలి! పొడుగు బ్యారెల్ తప్ప మీకేమీ తెలీదు!” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “మీరు ఓడిపోతే ఎలాగండీ?”

నాన్న వచ్చి బంతి తీసి నొక్కి చూశారు. “ఇవి పారెయ్యమన్నవి కదే. నీ గన్‌లోకి ఎలా వచ్చాయి?”

“ఆయన గెలిస్తే నీతో మాట్లాడతారట నాన్నా.”

“ఓడితే?”

“మాట్లాడరట.”

నాన్న పచ్చమరక పడ్డ టోపీ తీసి, ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

“పగలని బాల్ లెక్కలోకి రాదు. అతను అవుట్ కాదు. బాబూ, ఆ గన్ పక్కన పెట్టి లోపలికి రా. నువ్వు గెలిచేదాకా ఆగితే మా పిల్ల ముసలిదైపోతుంది!”

వాన పెద్దదైంది. ముగ్గురూ షెడ్డు వైపు పరుగెత్తారు.

“మరి ఈ బ్యారెల్ ఏం చెయ్యను?” వెనకబడి అడిగాడతను.

“ఉంచండి. మన పెరట్లో తీగకు ఊతగా పనికొస్తుంది,” అని పిచ్చుక తుర్రుమంది.