పిలుపుల దిబ్బ

కొల్లేట్లో పిలుపుల దిబ్బ వైపు చీకటి పడ్డాక ఎవరూ పడవ పోనివ్వరు. తప్పక పోవాల్సి వస్తే, పడవలో మొగుడూ పెళ్లాలుంటే, ఆ ఇల్లాలు మొగుడి పేరు పైకి అనాలి. దిబ్బ దాటేదాకా అంటూనే ఉండాలి.

మన వైపు ఆడవాళ్లకి అదెంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. రేషన్ షాపులో మొగుడి పేరు అడిగితే పక్కావిడ చేత చెప్పించేవాళ్లం మనం.

అయినా అక్కడ అనాల్సిందే. ఎందుకంటే ఆ దిబ్బ మీంచి ఒక గొంతు పిలుస్తుంది... "ఏవండీ" అని. ఇంకో మాట ఉండదు. ఏ మగాడు విన్నా అది వాళ్లావిడ గొంతులాగే ఉంటుందట. లేచి వెళ్లిపోతాడట — నీళ్లలోకి.

ఇది నేను చూసింది కాదు. తాడేపల్లిగూడెంలో మా వీధి చివర ఇంట్లో ఉండే సౌజన్య నాకు చెప్పింది. అలసందలు ఒలుస్తూ, తల ఎత్తకుండా చెప్పింది.

సౌజన్య వాళ్లాయన నాగదుర్గారావు లారీ నడుపుతాడు. నెమ్మదస్తుడు. పెళ్లయిన చాలా ఏళ్లకి కడుపు నిలిచింది. ఏడో నెలలో ఒక రాత్రి నెప్పులొచ్చాయి. అతను జంగారెడ్డిగూడెంలో లోడు ఎత్తిస్తున్నాడు. ఈ పిల్ల సెల్లు చేస్తూనే ఉంది. అది లారీ సీటు మీద మోగుతూనే ఉంది. అతను కింద ఉన్నాడు. వినలేదు.

వచ్చేసరికి పాపని తెల్లగుడ్డలో చుట్టేసి ఉంచారు.

సౌజన్య అతన్ని ఒక్క మాట అనలేదు. తిట్టలేదు. 'ఏవండీ' అనడం మాత్రం మానేసింది. 'అన్నం వడ్డించాను' అని గోడతో చెప్పేది. 'నీళ్లు కాగాయి' అని తలుపుతో చెప్పేది. ఏడాది దాటినా అంతే.

ఒకసారి అతను మా గుమ్మంలో నిలబడి, "అక్కా, మా ఆవిడకి మీరైనా చెప్పండి. పిలిచి తిట్టమనండి. తిట్టడానికైనా పిలవమనండి" అన్నాడు. మజ్జిగ ఇచ్చి పంపాను.

ఆ రోజుల్లోనే, కొల్లేట్లో చేపల చెరువుల గట్లు సర్కారువాళ్లు కొట్టేశాక, ఏలూరాయన ఎవరో చేపలకి మేత వేసే పడవలు ఖాళీగా పడుంటే, రెండు కలిపి కట్టించాడు. పైన పలకలు పరిచి, టార్పాలిన్ గది వేసి, రాత్రి బోటు అని మొదలెట్టాడు. సాయంత్రం ఎక్కితే రాత్రంతా నీళ్లమీదే. తెల్లారి పక్షుల్ని చూపించి దింపుతారు. దుర్గారావుకి ఎవరో చెప్పారు.

"పెళ్లయ్యాక నిన్ను ఎక్కడికీ తీసుకెళ్లలేదు. ఒక్క రాత్రేగా... రా" అన్నాడట.

ఆ పిల్ల వస్తాననలేదు, రాననలేదు. చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది.

ఆ రోజు పడవలో వాళ్లిద్దరే. మూడో మనిషి పడవాయన. తలకి తువ్వాలు చుట్టుకుని, వయసు మళ్లిన మనిషి. నడిపేదీ ఆయనే, వండేదీ ఆయనే. కొరమీను పులుసు వడ్డించి, "కారం ఎక్కువైందాండీ? కొత్త దంపతులకైతే తగ్గిస్తానండి. పాతవాళ్లకి అలవాటే కదాని వేసేశాను" అన్నాడట.

దుర్గారావు నవ్వాడు. సౌజన్య నవ్వబోయి, మొహం తిప్పుకుంది.

పొద్దు గుంకుతుంటే నీళ్ల మధ్య ఒక మట్టిదిబ్బ కనిపించింది. పైన ఏమీ లేదు. కాస్త రెల్లు, అంతే. అక్కడికి రాగానే పడవాయన ఇంజను ఆపేసి గెడ తీసుకున్నాడు. చప్పుడు చెయ్యకుండా తోస్తున్నాడు.

"అదేంటి బాబాయి?" అడిగాడు దుర్గారావు.

"చెరువు గట్టు ముక్కండి. అన్నీ కొట్టేశారు గానీ అదొక్కటి మిగిలిపోయింది. దాని మీద కావలి గుడిసె ఉండేదండి. కావలివాడూ, వాడి పెళ్లామూ ఉండేవారు. ఆవిడ పేరు సూరమ్మండి."

గెడ రెండో వైపుకి మార్చి వేశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు.

"బుడమేరు పొంగిన రాత్రి చెరువులన్నీ ఏకమైపోయాయండి. మగాళ్లందరం పడవలేసుకుని, గట్ల మీదున్నోళ్లని దాటిస్తున్నాం. సూరమ్మ గుడిసె కప్పు మీదకెక్కి పిలిచిందండి... 'ఏవండీ, ఏవండీ' అని. అన్ని పడవలకీ వినిపించిందండి. అన్ని పడవల్లోనూ మొగుళ్లే. ప్రతి గట్టు మీంచీ ఏవండీలే. చీకట్లో ఏది ఎవరిదో ఎలా తెలుస్తుందండి... ఎవరి ఆవిడో, ఆవిడాయనే వెళ్తాడులే అనుకున్నారు. అందరూ అలాగే అనుకున్నారు."

"మరి వాళ్లాయన?"

అడిగింది సౌజన్య. పడవ ఎక్కాక ఆ పిల్ల నోరు విప్పడం అదే.

"వాడూ విన్నాడమ్మా. వాళ్లావిడని వేరే పడవ ఎక్కించేశారని ఎవరో అంటే నమ్మాడు. ఎవరి ఆవిడో పాపం, అనుకున్నాడు. పేరు పెట్టి పిలిచుంటే వెళ్లేవాడు. ఆవిడ మొగుడి పేరు ఎప్పుడూ నోటంట అనలేదమ్మా... ప్రాణం పోతున్నా అనలేదు."

దిబ్బ దగ్గరవుతోంది. పడవాయన గొంతు ఇంకా తగ్గించాడు.

"బాబుగారి పేరు ఒకసారి పైకి అనండమ్మా. ఇక్కడ ఆచారం."

సౌజన్య కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"వద్దులే బాబాయి. పేరు దాకా ఎందుకు... మా ఆవిడ నన్నసలు పిలవడమే మర్చిపోయింది" అన్నాడు దుర్గారావు. నవ్వుతూనే అన్నాడట. ఆ నవ్వు చూళ్లేక తను గదిలోకి వెళ్లిపోయానంది.

పడవాయన దిబ్బ దాటించి, చాలా దూరం పోయాక గెడ గుచ్చి పడవని దానికి కట్టాడు. సౌజన్య గదిలో పడుకుంది. దుర్గారావు బయట పలకల మీద పడుకున్నాడు. ఇంట్లోనూ అంతే కదా... ఆవిడ గదిలో, అతను వసారాలో.

రాత్రి గాలి తిరిగింది. గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా కొట్టుకొచ్చి పడవని నెట్టింది. గుచ్చిన గెడ ఊడి, కట్టిన తాడుతో పడవ వెంటే తేలింది. ఎవరికీ మెలకువ రాలేదు. పడవ వచ్చిన దారినే వెనక్కి పోయింది — చప్పుడు లేకుండా...

"ఏవండీ."

దుర్గారావు కళ్లు తెరిచాడు.

సౌజన్య గొంతే. పొద్దున్నే క్యారేజీ అందిస్తూ, గుమ్మంలోంచి మెల్లగా పిలిచేదే, ఆ గొంతు. పడవాయన చెప్పిందేదీ అతనికి గుర్తు రాలేదట. భయం కూడా వెయ్యలేదట. ఒక్కటే అనుకున్నాడట... పిలిచింది. నన్ను పిలిచింది.

"ఆఁ... వస్తున్నా" అన్నాడు.

ఆ మాటకే సౌజన్యకి మెలకువ వచ్చింది. ఎవరితో మాట్లాడుతున్నాడు ఈయన... టార్పాలిన్ తెర పక్కకి లాగింది.

పలకల మీద దుప్పటి ఉంది. మనిషి లేడు.

నీళ్లలో ఉన్నాడు. నడుం లోతు. చేతులు ముందుకు చాచి నడుస్తున్నాడు. అతని ఎదురుగా, ఇంత దగ్గరగా, ఆ దిబ్బ... నల్లగా.

"వస్తున్నా సౌజన్యా... వస్తున్నా" అంటున్నాడు. ఏడుస్తూ అంటున్నాడు.

ఆ పిల్ల నోరు తెరిచింది. ఏడాదిగా గొంతులో పడున్న మాట బయటికొచ్చింది.

"ఏవండీ..."

అతను వెనక్కి తిరగలేదు.

దిబ్బ మీంచి కూడా వచ్చింది — "ఏవండీ..." — అదే గొంతు. వెనకొకటి, ముందొకటి. అతను ముందున్న పిలుపు వైపే నడిచాడు. గట్టుకి మట్టి తవ్విన గుంతలు అక్కడ, నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి.

పడవాయన లేచాడు. గెడ కోసం తడుముతూ, "పేరు అనండమ్మా... పేరు" అని గొణిగాడు.

సౌజన్య మళ్లీ 'ఏవండీ' అనే అంది. నీళ్లు అతని మెడ దాకా వచ్చాయి. అప్పుడు పిలిచింది.

"దుర్గారావూ... నాగదుర్గారావూ... నేనిక్కడున్నాను. ఇటు చూడండి... దుర్గారావూ..."

అతను ఆగాడు.

మెల్లగా వెనక్కి తిరిగాడు. పడవలో ఉన్న పెళ్లాన్ని చూశాడు. మళ్లీ దిబ్బ వైపు చూశాడు. పడవ వైపు చెయ్యి చాచాడు. పడవాయన గెడ అందించి లాగాడు. ఇద్దరూ కలిసి పైకి ఎక్కించారు. సౌజన్య అతని తడి తలని ఒళ్లో పెట్టుకుని, "దుర్గారావూ, దుర్గారావూ" అంటూనే ఉంది. దిబ్బ దాటించడానికి కాదట. ఆపడం చేతకాలేదట.

"నేను వినలేదే ఆ రోజు... వినుంటే వచ్చేవాణ్ణి" అన్నాడతను.

"తెలుసండీ" అంది.

దిబ్బ మీద పిలుపు ఆగిపోయింది. కప్పలు కూడా అరవట్లేదు. ఎవరో చెవులు రిక్కించి ఈ పేరునే వింటున్నట్టు... అంత నిశ్శబ్దం.

అప్పుడు వినిపించింది.

ఈసారి సౌజన్య గొంతు కాదు. ఎవరో పెద్దావిడ. సిగ్గుపడుతూ, మొదటిసారి అక్షరాలు కూడబలుక్కుంటున్నట్టు...

"సో... మ... రాజూ..."

పడవాయన చేతిలోంచి గెడ నీళ్లలో పడింది.

"ఎవరు బాబాయి... సోమరాజంటే?" గుసగుసగా అడిగాడు దుర్గారావు.

ఆయన తలమీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"నేనేనండి."

 పడవ అంచున, దిబ్బకేసి కూర్చుని కాళ్లు నీళ్లలోకి వేలాడేశాడు.

"ఆఁ... ఇక్కడే ఉన్నానే సూరమ్మా" అన్నాడు.

ఆ పిలుపు మళ్లీ రాలేదట. ఆయన మాత్రం తెల్లారేదాకా అలా కూర్చుని, కాసేపటికోసారి, "ఆఁ... ఆఁ..." అని పలుకుతూనే ఉన్నాడట.